ద్రాక్షతోటల మామ్మగారు

మా లండన్‌లో, అంటే ఒంటారియో లండన్‌లో, ఇటలీ వాళ్ళ బేకరీ ఒకటుంది. శనివారం పొద్దున అక్కడ రొట్టె కొంటాను. మొన్న వెళ్ళేసరికి గాజు తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. పైన ఫోటో. చూడగానే మనిషిని గుర్తుపట్టాను. కానీ కింద ఏం రాశారో చదవకుండా లోపలికి అడుగు పడలేదు. నేను చదువు నేర్చుకున్నది యాభై దాటాక. అక్షరం కింద వేలు పెట్టి చదివే అలవాటు ఇంకా పోలేదు. చలిలో నిలబడి, గాజు మీద వేలు జరుపుకుంటూ మొత్తం చదివాను. లోపలికి వెళ్ళాల్సిన ఇద్దరు నా వెనక ఆగారు.

కాగితంలో ఆమె పోయిన తేదీ ఉంది, పేరుంది, పుట్టిన ఊరుంది, ఎవరికి తల్లో, ఎవరికి నాయనమ్మో ఉంది. సైకిల్ అన్న మాట ఎక్కడా లేదు. అది నాకు నచ్చలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఆమె పేరు రాయను. మేమెవరమూ ఆమెను పేరుతో పిలవలేదు. మామ్మగారూ అనేవాళ్ళం.

ఆ పిలుపు కూడా పొరపాటున వచ్చిందే. మేం మొదటిసారి వెళ్ళిన రోజున ఆమె కొడుకు, యాభై యేళ్ళ మనిషి, వ్యాన్ పక్కన నిలబడి "మమ్మా, మమ్మా" అని కేకలేస్తున్నాడు. మా రూతు నా చెయ్యి గిల్లి, "విన్నావా వదినా, మన గోదావరి పిల్లల్లాగే మామ్మా అంటున్నాడు" అంది. మాకు మామ్మ అంటే నాయనమ్మ. వాళ్ళకు అమ్మ. అది తెలియక మేమందరం మర్యాదగా గారు తగిలించి, మామ్మగారూ అని పిలవడం మొదలుపెట్టాం. ఆమె కాసేపు విని కొడుకు వైపు తిరిగింది. "ఒక్క కూతుర్ని ఇమ్మని దేవుడికి ఎన్నేళ్ళు మొక్కుకున్నానో. ఇవాళ తొమ్మిదిమందిని పంపాడు. అందరూ ముసలివాళ్ళే" అంది.

మేం ఆమె దగ్గరికి ఎలా చేరామంటే, మాది చర్చిలో స్త్రీల సమాజం. రూతు కోడలు ఇంటర్నెట్‌లో చూసి చెప్పింది, నయాగరా దగ్గర ఇటలీ నుంచి వచ్చిన కుటుంబాల ద్రాక్షతోటలు ఉన్నాయని, ఒక పెద్దావిడ రోజంతా సైకిళ్ళ మీద తోట నుంచి తోటకు తిప్పుతుందని. కాగితం ఒకటి ప్రింట్ తీసి ఇచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక మా అధ్యక్షురాలు దయామణి అక్క లేచి ఆ కాగితం చదివింది. అక్క నర్సుగా చేసి రిటైరయింది. ఇంగ్లీషు కాగితం చేత్తో పట్టుకుని తడుముకోకుండా తెలుగులో చదివేస్తుంది. "ప్రతి తోటలోనూ ద్రాక్షారసం రుచి చూపిస్తారు" అని చదివింది. అందరం సంతోషించాం. పాస్టరు గారు మా ప్రయాణం కోసం ప్రార్థన కూడా చేశారు.

తిరకాసు అక్కడే ఉంది. మాకు ద్రాక్షారసం అంటే ప్రభువు బల్ల దగ్గర చిన్న గ్లాసులో ఇచ్చేది. అది షాపులో సీసాలో దొరికే గ్రేప్ జ్యూస్. కాగితం మీద ఉన్న మాట వైన్. దయామణి అక్క దాన్ని మన బైబిల్లో ఉన్నట్టే ద్రాక్షారసం అంది. ఆమె తప్పు చదవలేదు, మేం తప్పు విన్నాం. చదివిన మనిషి కూడా తన నోటి మాటే విని నమ్మేసింది.

సెప్టెంబరు చివర్లో వెళ్ళాం. తోటల్లో కోతలు నడుస్తున్నాయి. షెడ్డు ముందు మామ్మగారు నిలబడి ఉంది. పొట్టి మనిషి. మగవాళ్ళ గళ్ళ చొక్కా, ఒక పంట్లాం కాలు మేజోడులోకి దోపి ఉంది, రెండోది లేదు. మెడలో ఈల. మేం కార్లు దిగుతుంటే ఒక్కొక్కరికీ ఎదురొచ్చి "చావ్, చావ్" అంటోంది.

"పొద్దున్నే ఈ శాపనార్థాలేంటి వదినా?" అంది రూతు.

"అది వాళ్ళ నమస్కారంలే" అంది దయామణి అక్క. ఆసుపత్రిలో ఇటలీ వాళ్ళతో పనిచేసిన మనిషి కదా.

హెల్మెట్ పెట్టుకున్నాక మామ్మగారు ఒక్కొక్కరి తల మీద వేలి కణుపుతో కొట్టి చూసింది, మనం కొబ్బరికాయ కొట్టి చూసినట్టు. వదులుగా ఉంటే చప్పుడు తేడా వస్తుందట. తర్వాత సైకిళ్ళు. ఆమె సైకిళ్ళన్నిటికీ చుట్టాల పేర్లున్నాయి. అందరూ ఆమెతో ఎప్పుడో ఒకప్పుడు గొడవపడినవాళ్ళే. ఎర్రది ఆడపడుచు. పచ్చది తోటికోడలు. సీటు ఎత్తుగా ఉన్న నల్లది అత్తగారు. "అందుకే వీళ్ళని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తొక్కించినా నాకు అలసట రాదు" అంది. ఆమె ఇంగ్లీషులో అన్నది వేరేమో గానీ, మాకు తొక్కడం అన్న మాట తెలుగులో వినపడి అందరం ఒక్కసారి నవ్వేశాం. దయామణి అక్క ఎప్పుడూ నవ్వని మనిషి. "నాకా నల్లది ఇప్పించండి" అంది.

మాలో సగంమందికి సైకిల్ చిన్నప్పటి అలవాటు. మిగిలిన సగం ఆ ఎండాకాలమే చర్చి పార్కింగ్ లాట్‌లో నేర్చుకున్నాం. నేను ఆ రెండో సగం. మామ్మగారు అది అడగలేదు. నేను సీటు ఎక్కే తీరు చూసి తన వెనకాలే ఉండమంది. "పైకి చూడకు. దూరం చూడకు. నా మడ్‌గార్డు చూడు" అంది. ఆ రోజంతా ఆ మడ్‌గార్డే చూశాను. దాని మీద మట్టి ఎక్కడెక్కడ అంటుకుందో ఇప్పుడు కూడా చెప్పగలను.

ఆమె వెనక్కి తిరిగి చూసేది కాదు. తల తిప్పితే చక్రం తిరుగుతుంది అనేది. ఈల వేస్తే వరసగా ఒక్కొక్కరం బెల్లు కొట్టాలి. బెల్లులు విని అందరూ ఉన్నారని తెలుసుకునేది.

"వెనక్కి చూసి ఉప్పుస్తంభమైన లోతు భార్య సంగతి ఈవిడకు ఎవరో గట్టిగా చెప్పి ఉంటారు" అంది రూతు.

బయలుదేరే ముందు తల్లీకొడుకులు గొడవపడ్డారు. మా ముందే. ఆమె ఇటలీ భాషలో అరుస్తుంది, అతను ఇంగ్లీషులో జవాబిస్తాడు. మా ఇళ్ళలో జరిగేదే కాబట్టి సగం సంగతి మాకు జవాబుల్లోనే అర్థమైపోయింది. మిగతా సగం దయామణి అక్క తెలుగులో చెప్పింది. కొడుక్కి సైకిళ్ళు అమ్మేసి వ్యాన్‌లు పెట్టాలని ఉంది. ఈ కాలం వాళ్ళు తొక్కరు, తాగుతారు, ఫోటో దిగుతారు, వెళ్ళిపోతారు అంటాడు. ఆ యేడు వచ్చిన ప్రతి గుంపులోనూ ఎవరో ఒకరు సాయంత్రం కొండ దగ్గర చేతులెత్తేసి వ్యాన్ ఎక్కారట. ఇది ఆ సీజనులో చివరి గుంపు.

"వీళ్ళలో ఒక్కరు వెనక వచ్చే నా వ్యాన్ ఎక్కినా సైకిళ్ళు అమ్మకానికి పెడతాను. నువ్వు ఒప్పుకోవాలి" అన్నాడు.

"ఎక్కకపోతే?"

అతను మమ్మల్ని చూశాడు. పంజాబీ డ్రెస్సులు, మోకాళ్ళ పట్టీలు, టిఫిన్ డబ్బాలు. "ఎక్కకపోతే నువ్వున్నంత కాలం ఆ మాట ఎత్తను" అన్నాడు.

మామ్మగారు అతని చెయ్యి పట్టుకుని మా అందరి ముందూ ఊపింది. బేరం కుదిరింది.

"మనమేమన్నా పందెం గిత్తలమా?" అంది దయామణి అక్క. కానీ అత్తగారి సీటు దిగలేదు.

మొదటి తోట దగ్గరే. ద్రాక్ష తీగలు ఇనుప తీగెల మీద వరసలు కట్టి, మధ్యలో సైకిల్ పోయేంత దారి. నల్లటి గుత్తులు మోకాలి ఎత్తులో వేలాడుతున్నాయి. చెట్టు కింద బల్ల వేసి గాజు గ్లాసులు పెట్టారు. తోట యజమాని ఎర్రటి రసం కొంచెం కొంచెం పోశాడు. దయామణి అక్క కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పి గ్లాసు ముక్కు దాకా తెచ్చి ఆగిపోయింది.

"ఇది జ్యూసు కాదు. వైన్" అంది.

అందరం గ్లాసులు బల్ల మీద పెట్టేశాం. రూతు మాత్రం పట్టుకునే ఉంది. "అక్కా, అయితే కానా పెళ్ళిలో ప్రభువు నీళ్ళను మార్చి చేసింది..."

"గ్లాసు కింద పెట్టు రూతూ."

పక్క బల్ల దగ్గర వేరే వాళ్ళు నోట్లో పోసుకుని, పుక్కిలించి, బకెట్లో ఉమ్మేస్తున్నారు. అట్లా ఉమ్మేస్తే తాగినట్టా కాదా అని కాసేపు వాదన జరిగింది. దయామణి అక్క తేల్చేసింది. చదివింది తను, తీసుకొచ్చింది తను, పాస్టరు గారికి జవాబు చెప్పాల్సింది తను. ఇక ముందుకు వెళ్ళేది లేదు. వ్యాన్ ఎక్కి కార్ల దగ్గరికి వెళ్ళిపోదాం. అందరూ లేచారు. కొడుకు అప్పుడే వ్యాన్ తలుపు జరిపి నవ్వుతూ నిలబడ్డాడు.

మామ్మగారికి ఏం జరిగిందో తెలియదు. మా మొహాల్లోకి మార్చి మార్చి చూస్తోంది. ఆ గుంపులో ఆమె పక్కన ఉన్నది నేను. నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. "మాది చర్చి. మేం వైన్ తాగం. మా భాషలో దీనికీ జ్యూసుకీ ఒకటే మాట."

ఆమె ఆ చివరి ముక్క రెండోసారి చెప్పించుకుంది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. "ఒకటే మాటా? చాలా మంచి భాష" అంది. నా మణికట్టు పట్టుకుని, మిగతావాళ్ళకు ఈల వేసి, తోట వెనక కొట్టం దగ్గరికి నడిపించింది. అక్కడ గానుగ ఆడుతోంది. పొద్దున కోసిన ద్రాక్ష అది. కింద గొట్టంలోంచి రసం తొట్టిలోకి కారుతోంది. మట్టి రంగులో చిక్కగా ఉంది, పైన తేనెటీగలు. ఒక మగ్గు తీసుకుని గొట్టం కింద పెట్టి, నింపి, దయామణి అక్కకు అందించింది.

"ఇవాళ ఇది రసం" అంది. "వారం ఆగితే పాపం. మీరు సరైన రోజున వచ్చారు."

అక్క వాసన చూసింది. నాలుక చివర అంటించుకుంది. తర్వాత మగ్గు ఎత్తి సగం తాగేసింది. షాపు సీసాలో ఉండేది దీని ముందు రంగునీళ్ళే. తియ్యగా, గొంతులో గీరుకుంటూ, తొక్కలతో సహా దిగింది. ఒక్కొక్కరం తాగాం. రూతు రెండోసారి మగ్గు చాపితే మామ్మగారు లాక్కుంది. "పచ్చి రసం కడుపులో పరుగెడుతుంది. కొండ మీద బాత్రూము లేదు" అంది.

ఆ తర్వాత ప్రతి తోటలోనూ అదే తంతు. యజమాని గ్లాసులు సర్దుకుంటూ ఎదురొస్తాడు, మామ్మగారు అతన్ని పక్కకు తోసి గానుగ ఎక్కడ అంటుంది. ఒకతను, ఈ ద్రాక్ష ఖరీదైనది, ఇట్లా పచ్చిగా తాగించేది కాదు అన్నాడు. ఆమె వాళ్ళ భాషలో చాలాసేపు ఏదో చెప్పింది. మధ్యలో మా వైపు చెయ్యి చూపించింది. అతను టోపీ తీసి మా అందరికీ దండం పెట్టి మగ్గు తెచ్చాడు. ఏం చెప్పావని అడిగితే, "మీరందరూ సన్యాసినులని చెప్పాను. రూతుని చూసి అనుమానపడ్డాడు గానీ ఒప్పుకున్నాడు" అంది.

మధ్యాహ్నం ఒక వరస చివర నీడలో కూర్చున్నాం. వాళ్ళ రొట్టె, మా పులిహోర. మామ్మగారు చొక్కా జేబులోంచి టమాటా తీసి, ఇంకో జేబులోంచి ఉప్పు పొట్లం తీసి, కొరుక్కుంటూ తింది. రసం మోచేతి దాకా కారితే అట్లాగే వదిలేసింది. పులిహోర తిని, ఈ అన్నానికి ఎవరు కోపం తెప్పించారు అని అడిగింది.

ఆ పైన కొండ. నిజానికి దాన్ని కొండ అనరు, సరస్సు ఒడ్డున ఉన్న పల్లపు నేల చివర పొడుగ్గా గోడలా లేచిన గట్టు. తొక్కేవాళ్ళకు కొండే. చివరి తోట పైన ఉంది. దారి వంకర తిరుగుతూ ఎక్కుతుంది. వెనకాల మెల్లగా వ్యాన్ వస్తోంది. ఇంజను చప్పుడు వీపు మీద ఉన్నట్టే ఉంది.

నేను మడ్‌గార్డు చూస్తూ తొక్కాను. కాళ్ళు మండుతున్నాయి. కొందరు దిగి సైకిల్ తోసుకుంటూ నడిచారు. దానికి ఆమెకేం అభ్యంతరం లేదు. వ్యాన్ ఎక్కకూడదన్నది ఒక్కటే బేరం. సగం దారిలో మామ్మగారు ఈల వేసింది. బెల్లులు మోగాయి. ఒకటి మోగలేదు.

అంతదాకా వెనక్కి చూడని మనిషి సైకిల్ ఆపి, స్టాండు వేసి, కిందికి నడిచింది. నేనూ వెళ్ళాను. మలుపులో దయామణి అక్క రోడ్డు పక్క ఇనుప కంచె మీద కూర్చుని ఉంది. ఎడమ మోకాలు పట్టేసింది. ముందు వ్యాన్ ఆగి ఉంది, తలుపు తెరిచి ఉంది. కొడుకు దిగి చాలా మర్యాదగా, "రండి మేడమ్, ఇందులో నామోషీ ఏమీ లేదు" అంటున్నాడు. లోపలి నుంచి చల్లటి గాలి వస్తోంది. అక్క ఆ సీటు వైపు చూస్తోంది. నేనైనా అట్లాగే చూసేదాన్ని.

మామ్మగారు వెళ్ళి కంచె మీద ఆమె పక్కన కూర్చుంది. కొడుకు వైపు చూడనైనా చూడలేదు.

"ఏ కాలు?"

"ఎడమది."

"నాది కుడిది" అంది మామ్మగారు. పంట్లాం పైకి లాగి చూపించింది. మోకాలి చుట్టూ లావుగా బ్యాండేజీ. పొద్దుటి నుంచి ఆ కాలితోనే మా ముందు తొక్కింది. "ఇద్దరికీ కలిపి రెండు మంచి కాళ్ళున్నాయి. ఒక మనిషికి సరిపోతాయి."

అక్క మళ్ళీ వ్యాన్ వైపు చూసింది. మామ్మగారు పంట్లాం కిందికి లాక్కుంది. తర్వాత అంది, "ఎక్కాలనుంటే ఎక్కు. సైకిళ్ళదేముంది, ఇనుము. కాలు నీది. నేను నిన్ను ఒక్క మాట కూడా అనను."

ఆ మాట ఆమె ఊరికే అనలేదు. గొంతు విన్నాను కాబట్టి చెబుతున్నాను. సైకిళ్ళు పోయినా సరే అని నిశ్చయించుకునే అంది. కొడుకు కూడా తల దించుకున్నాడు.

దయామణి అక్క నా వైపు తిరిగి తెలుగులో, "ఈవిడ బతిమాలి ఉంటే ఎక్కేసేదాన్నే" అంది. చేతులు ఊని లేచింది. నల్ల సైకిల్ హ్యాండిల్ పట్టుకుంది. "పద అత్తా" అంది సైకిల్‌తో.

మామ్మగారు అక్క కుడి పక్కన నిలబడింది. ఇద్దరూ మధ్యలో సైకిల్ పెట్టుకుని, దాని మీద బరువు మోపి, ఒకరి ఎడమ కుంటు, ఒకరి కుడి కుంటు, ఎక్కడం మొదలుపెట్టారు. మామ్మగారి సైకిల్ నేను తోశాను. నాది రూతు తన దానితో కలిపి తోసింది. పైనున్న వాళ్ళు కిందికి చూసి పాట ఎత్తుకున్నారు, ఆదివారం పాడేదే, కానీ చర్చిలో ఎన్నడూ అంత గట్టిగా పాడలేదు. ద్రాక్ష కోస్తున్న మెక్సికో కూలీలు వరసల్లోంచి లేచి చూశారు. ఒకతను చప్పట్లు కొట్టాడు. తర్వాత అందరూ కొట్టారు. వెనక వ్యాన్ ఖాళీ సీట్లతో నత్తలాగా వస్తోంది. అక్క మధ్యలో రెండుసార్లు ఆగింది, వెనక్కి మాత్రం చూడలేదు.

పైకి చేరాం. కింద మేం తిరిగిన తోటలన్నీ దువ్విన జుట్టులా కనపడుతున్నాయి. వాటి అవతల సరస్సు, దాని అవతల మసక మసకగా టొరంటో మేడలు. రూతు ఏడుస్తూ నవ్వుతోంది. దయామణి అక్క గడ్డి మీద పడుకుని, "ఎవరూ నన్ను లేపకండి. గెలిచినవాళ్ళు కాసేపు పడుకోవచ్చు" అంది.

ఆ తర్వాత మూడేళ్ళు వెళ్ళాం. కోతలప్పుడు ఆమె ఫోను చేసేది. హలో ఉండదు, బాగున్నారా ఉండదు. "గానుగ మొదలైంది" అని పెట్టేసేది. మా వాళ్ళు ఇరవైమంది దాకా అయ్యారు. పాస్టరు గారు కూడా ఒకసారి వచ్చి తోటికోడలిని తొక్కారు. లండన్‌లో ఈ బేకరీ తన అక్క కూతురిదేనని, రొట్టె అక్కడే కొనమని, వేరే చోట కొంటే తనకు తెలుస్తుందని చెప్పింది కూడా ఆమే. కిందటి కోతల్లో సైతం ముందు నడిచింది ఆమే, బ్యాండేజీ రెండు కాళ్ళకూ వచ్చాక. కొడుకు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

కానీ ఆమె అనగానే నాకు కనపడేది ఆ మొదటి రోజు సాయంత్రమే. పైన కొడుకు వ్యాన్ దిగి వచ్చి తల్లి ముందు నిలబడ్డాడు. ఏదో చెప్పబోయాడు. ఆమె అరచెయ్యి చాపింది. అతను అర్థం కాక చూశాడు.

"తాళాలు" అంది.

ఇచ్చాడు. ఆమె మెడలోంచి ఈల తీసి అతని మెడలో వేసింది. తన సైకిల్ హ్యాండిల్ అతని చేతుల్లో పెట్టింది. "కూతుళ్ళు దిగుతారు. ముందు నువ్వు నడువు. బ్రేకు మీద చెయ్యి ఉంచు" అంది. దయామణి అక్కను చూసి, ఇప్పుడైతే వ్యాన్ ఎక్కొచ్చు, పందెం అయిపోయింది అంది. అక్క లేచి గడ్డి దులుపుకుని, "దిగేటప్పుడు మోకాలితో పనేముంది?" అని అత్తగారి మీద ఎక్కి కూర్చుంది.

దిగాం. ముందు ఆ పెద్దమనిషి, భయంతో బిగుసుకుపోయి, ఈల వేయడం మరిచిపోయి. వెనక మేం తొమ్మిదిమందిమి, గాలికి చున్నీలు ఎగురుతూ, అడక్కుండానే బెల్లులు కొట్టుకుంటూ. అందరి వెనక మామ్మగారు, స్టీరింగు మీదుగా తల మాత్రం కనపడుతూ, హారన్ మీంచి చెయ్యి తీయకుండా. మేం ఆగిన ప్రతి తోట గేటు దగ్గరా వ్యాన్ ఇంకా మెల్లగా పోనిచ్చింది. యజమానులు బయటికి వచ్చి చూశారు. ఆమె పక్క తలుపు బార్లా తెరిచి ఉంచింది, ఒక్క సీటులో కూడా ఎవరూ లేరని అందరికీ కనపడాలని.